ఫ్యూయెల్ రైల్ మారిస్తే పికప్ పెరుగుతుందా?

క్లుప్తంగా

ఫ్యూయెల్ రైల్ దానంతటది పవర్ పుట్టించదు. పంపు తెచ్చిన ఇంధనాన్ని, దాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఒత్తిడితో పంచడమే దాని పని. మామూలు పెట్రోలు కారులో కంపెనీ బిగించిన రైల్ ఆ పనికి చాలినంత పెద్దదే. టర్బో, ఇంజెక్టర్లు, పంపు అన్నీ మారి ఇంధన ప్రవాహం రెండు మూడు రెట్లు పెరిగినప్పుడే రైల్ సంగతి ఆలోచించాలి. డీజిల్ కార్లలో, ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో పరిస్థితి వేరు. అక్కడ రైల్ జోలికి వెళ్లడం ప్రాణాపాయం కూడా.

టర్బో కిట్టు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్చడం), కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌ల సరసన ఆన్‌లైన్ స్పేర్ పార్టుల దుకాణాల్లో అల్యూమినియం ఫ్యూయెల్ రైల్స్ కూడా కనిపిస్తున్నాయి. ఎరుపో నీలమో రంగు ఎక్కించి, చివర్లలో పెద్ద ఫిట్టింగులు పెట్టి, బానెట్ ఎత్తగానే కంటపడేలా ఉంటాయి. లోపలి రంధ్రం పెద్దది కాబట్టి పెట్రోలు ఎక్కువ పారుతుంది, దాంతో పవర్ పెరుగుతుంది అన్నది వీటి వెనకున్న ప్రచారం. మరోవైపు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు దేశమంతా వచ్చాక పికప్ తగ్గిందనీ, మైలేజీ పడిపోయిందనీ అనుకునేవాళ్లు ఇంధన వ్యవస్థలో ఏదో ఒకటి మారిస్తే సరిపోతుందేమోనని వెతుకుతున్నారు. వేలకు వేలు పోసి కొనే ముందు ఆ గొట్టం అసలు ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకోవడం అవసరం.

రైల్ చేసే పని

మన దేశంలో 2000 ప్రాంతంలో ఉద్గార నిబంధనలు బిగుసుకోవడంతో కార్బ్యురేటర్లు పోయి, కార్ల వెనక ఎంపీఎఫ్ఐ అన్న అక్షరాలు కనిపించడం మొదలైంది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉండే పద్ధతి అది. ఆ ఇంజెక్టర్ల కింది కొసలు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి, పై కొసలు ఒక అడ్డ గొట్టంలోకి దూరి ఉంటాయి. ఆ అడ్డ గొట్టమే ఫ్యూయెల్ రైల్. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అది మూర కంటే కొంచెం తక్కువ పొడవుంటుంది. ఉక్కుతోనో, అల్యూమినియంతోనో, గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తారు. ప్లాస్టిక్ కదా అని తీసిపారేయక్కర్లేదు. వేడిని, పెట్రోలును తట్టుకునే నైలాన్ రకాలతో చేసిన రైల్స్ చాలా కార్లలో ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి.

ట్యాంకులో మునిగి ఉన్న పంపు పెట్రోలును తోస్తుంది. అది ఫిల్టర్ దాటి, కారు అడుగున ఉన్న లైను గుండా రైల్‌కు చేరుతుంది. ఒత్తిడి సుమారు 3 నుంచి 4 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) మధ్య నిలిచేలా ప్రెషర్ రెగ్యులేటర్ చూస్తుంది. ఇక ఇంజెక్టర్ అనేది కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు మాత్రమే. ఎంత పెట్రోలు పడాలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, నిర్ణయిస్తుంది, కానీ పెట్రోలును కొలిచి పోయదు. ఒత్తిడి ఫలానా బార్ ఉందని నమ్మి, ఇన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచితే ఇంత పడుతుందని లెక్కగడుతుంది. మామూలు ఎంపీఎఫ్ఐ కార్లలో చాలావాటికి రైల్ మీద ఒత్తిడి కొలిచే సెన్సార్ కూడా ఉండదు. కాబట్టి ఒత్తిడి నిలకడగా ఉన్నంతసేపే ఈసీయూ లెక్క నిజమవుతుంది.

ఒత్తిడికీ ప్రవాహానికీ ఉన్న సంబంధం చాలామంది అనుకునేంత నేరుగా ఉండదు. ఇంజెక్టర్‌ గుండా పోయే పెట్రోలు ఒత్తిడి తేడాకు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. 3 బార్లను 4 చేస్తే పెరిగేది 33 శాతం కాదు, 15 శాతమే. ఒత్తిడిని ఏకంగా రెట్టింపు చేసినా ప్రవాహం 41 శాతమే పెరుగుతుంది. రైల్ మీద సర్దుబాటు చేసుకునే రెగ్యులేటర్ బిగించి ఒత్తిడి పెంచేస్తే చాలు అనుకునేవాళ్లు ఈ లెక్కను మర్చిపోతారు. పైగా ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు తోయగలిగే పరిమాణం తగ్గుతుంది. అంటే ఒక చోట లాభం, ఇంకో చోట నష్టం.

200 హార్స్‌పవర్ లెక్క

ఇరుకు గొట్టం అడ్డుపడుతోందన్న ప్రచారాన్ని అంకెలతో పరీక్షించవచ్చు. టర్బో కిట్టుతో 200 హార్స్‌పవర్ దాకా తీసుకెళ్లిన నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌ను తీసుకుందాం. ఫుల్ థ్రాటిల్‌లో ఇలాంటి ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 250 గ్రాముల పెట్రోలు తాగుతుంది. మొత్తం గంటకు 50 కిలోలు, అంటే దాదాపు 67 లీటర్లు. సెకనుకు చూస్తే 19 మిల్లీలీటర్ల లోపే.

ఇప్పుడు 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న మామూలు రైల్‌లో ఈ పెట్రోలు ఎంత వేగంతో కదులుతుందో చూడాలి. ఆ రంధ్రం వైశాల్యం అర చదరపు సెంటీమీటరు. వేగం సెకనుకు 37 సెంటీమీటర్లు వస్తుంది, అంటే మనిషి నడక కంటే తక్కువ. ఈ వేగంతో 40 సెంటీమీటర్ల గొట్టంలో రాపిడి వల్ల పోయే ఒత్తిడి సుమారు 0.001 బార్. మొత్తం ఒత్తిడి 3 బార్లు. అందులో మూడు వేలలో ఒక వంతు పోయిందన్నమాట. పవర్‌ను మూడు రెట్లు చేసి 600 హార్స్‌పవర్‌కు తీసుకెళ్లినా ఈ నష్టం 0.01 బార్ దాటదు.

డ్రిప్ వేసిన తోటలో లేటరల్ పైపు సన్నగా, పొడుగ్గా ఉంటే చివరి మొక్కకు నీళ్లు తగ్గిపోతాయి. రైల్‌లోనూ చివరి ఇంజెక్టర్‌కు పెట్రోలు తగ్గుతుందన్న నమ్మకం ఈ రకం అనుభవం నుంచే వచ్చి ఉండాలి. డ్రిప్ పైపు పదుల మీటర్లు సాగుతుంది, ఒత్తిడి ఒకటి రెండు బార్లే ఉంటుంది. రైల్ పొడవు అర మీటరు కూడా లేదు. అందుకే ఆ పోలిక ఇక్కడ పనిచేయదు. నాలుగో సిలిండర్‌కు పెట్రోలు అందట్లేదని చెప్పి రైల్ అమ్మేవాళ్లను గేజ్ పెట్టి చూపించమని అడగడంలో తప్పు లేదు.

అసలు సమస్య అలలది

రాపిడి నష్టం లేదంటే రైల్ డిజైన్‌కు విలువ లేదని కాదు. పైన చేసిన లెక్క పెట్రోలు ఒకే ధారగా పారుతుందని అనుకుంటుంది. వాస్తవంలో అది తునకలు తునకలుగా పారుతుంది. ఇదే ఇంజిన్ 6,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టర్ సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. నాలుగూ కలిపి 200 సార్లు. ఒక్కోసారి బయటికి వెళ్లేది 0.09 మిల్లీలీటరు పెట్రోలు.

ఇంజెక్టర్ తెరుచుకోగానే ఆ చోట ఒత్తిడి ఒక్కసారి పడుతుంది. మూసుకోగానే కదులుతున్న పెట్రోలు ఆగి ఒత్తిడి ఎగుస్తుంది. ఈ ఎగుడుదిగుడు సెకనుకు సుమారు కిలోమీటరు వేగంతో రైల్ అంతా పాకి, చివర తగిలి వెనక్కి వస్తుంది. కొన్ని ఆర్‌పీఎంల దగ్గర వెళ్లే అల, తిరిగొచ్చే అల ఒకదానికొకటి తోడై బలపడతాయి. సరిగ్గా ఆ క్షణంలో తెరుచుకున్న ఇంజెక్టర్‌కు ఒత్తిడి ఎక్కువో తక్కువో దొరుకుతుంది. అందువల్ల ఒక సిలిండర్ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై), పక్కది లీన్‌గా (పెట్రోలు తక్కువై) నడవవచ్చు.

ఇది ఎందుకు ప్రమాదమంటే, చాలా కార్లలో ఆక్సిజన్ సెన్సార్ నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోట ఉంటుంది. అది చూపేది సగటు. సగటు బాగానే కనిపిస్తుంటే లోపల ఒక సిలిండర్ లీన్‌గా వేడెక్కుతూ ఉండవచ్చు. మామూలు కారులో దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. బూస్ట్ (టర్బో గాలిని తోసే ఒత్తిడి) ఎక్కువ పెట్టిన ఇంజిన్‌లో ఆ ఒక్క సిలిండర్ నాకింగ్‌కు, అంటే ఇంధనం అదుపు లేకుండా అంటుకోవడానికి, గురై పిస్టన్ దెబ్బతింటుంది. పవర్ కొలిచే డైనో యంత్రం మీద గ్రాఫ్ చూసి సంతోషపడేవాళ్లకు ఈ తేడా కనిపించదు.

కంపెనీలు ఈ అలలను మూడు రకాలుగా అణచుతాయి. రైల్ లోపలి పరిమాణం పెంచడం ఒకటి. 8 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 16 చేస్తే అదే పొడవులో నాలుగు రెట్లు పెట్రోలు పడుతుంది, అల ఎత్తు తగ్గుతుంది. పెద్ద రంధ్రం రైల్స్ వల్ల ఏదైనా మేలుంటే అది ఇక్కడే ఉంది, పారుదలలో కాదు. రెండోది డ్యాంపర్. రైల్ మీద చిన్న డబ్బాలా కనిపించే ఈ భాగంలో స్ప్రింగు, పల్చటి పొర ఉంటాయి. ఒత్తిడి ఎగిసినప్పుడు పొర వెనక్కి వంగి దాన్ని మింగుతుంది. మూడో పద్ధతి చాలామందికి తెలియదు. కొన్ని రైల్స్‌ను కావాలనే పల్చటి ఉక్కు రేకుతో, గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా చేస్తారు. ఆ గోడలే కంటికి కనిపించనంతగా ఉబ్బి, తగ్గి అలను పీల్చుకుంటాయి.

చూడటానికి చవకగా కనిపించే ఆ రేకు గొట్టాన్ని తీసేసి, మందపాటి అల్యూమినియం దిమ్మెను తొలిచి చేసిన రైల్ బిగిస్తే ఏమవుతుంది? గోడలు వంగవు. డ్యాంపర్‌కు చోటు కూడా లేకపోతే, పరిమాణం పెరిగిన లాభాన్ని గట్టిదనం తినేస్తుంది. కొన్ని కార్లలో కొత్త రైల్ బిగించాక ఐడిల్‌లో టకటకమని శబ్దం రావడం, ఆ చప్పుడు ఫ్యూయెల్ లైను గుండా క్యాబిన్ దాకా వినిపించడం దీనివల్లే. అలాగని డ్యాంపర్‌ను శాశ్వతమని అనుకోకూడదు. 1990ల నాటి మాజ్దా ఆర్ఎక్స్-7 కార్లలో పాతబడిన డ్యాంపర్ నుంచి పెట్రోలు కారి మంటలు లేచే ప్రమాదం ఆ కారు అభిమానులందరికీ తెలిసిన విషయమే. రబ్బరు పొరకు వయసుంటుంది, అది పూర్తయ్యాక మార్చాల్సిందే.

ఒత్తిడి నిజంగా పడిపోయే చోట్లు

హైవే మీద ఓవర్‌టేక్ చేస్తుంటే బండి జర్క్ ఇస్తోందనీ, ఎక్కువ స్పీడులో మిస్ కొడుతోందనీ వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజంగానే ఇంధన ఒత్తిడివి. అయితే వాటి మూలం దాదాపు ఎప్పుడూ రైల్‌కు ముందే ఉంటుంది. మొదటి అనుమానం పంపు మీదే ఉండాలి. 2020 జులైలో మారుతి సుజుకీ ఫ్యూయెల్ పంపు లోపం అనుమానంతో 1,34,885 వాగన్ ఆర్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. పంపు బలహీనపడితే దాని తర్వాత ఎంత ఖరీదైన రైల్ ఉన్నా ఒత్తిడి నిలవదు.

ఫిల్టర్‌లో పేరుకున్న చెత్త, ట్యాంకులో పంపు మూతికి ఉండే జల్లెడ, పంపుకు వెళ్లే కరెంటు వైరు కూడా చూడాల్సినవే. వైరింగ్ పాతబడి పంపు దగ్గరికి 13.5 వోల్టులకు బదులు 12 వోల్టులే చేరితే మోటారు నెమ్మదిస్తుంది. ఐడిల్‌లో ఇది తెలియదు, ఫుల్ థ్రాటిల్‌లోనే బయటపడుతుంది. రిలే, ఎర్త్ వైరు మారిస్తే తీరిపోయే ఇలాంటి సమస్యకు రైల్ కొనడం డబ్బు దండగ.

టర్బో బిగించిన పాత కార్లలో ఇంకో మెలిక ఉంది. ఇంజెక్టర్ పై కొసన రైల్ ఒత్తిడి, కింది కొసన మానిఫోల్డ్ ఒత్తిడి ఉంటాయి. ఈ రెండింటి తేడాయే పెట్రోలును తోస్తుంది. మానిఫోల్డ్‌కు కలిపే వ్యాక్యూమ్ పైపు ఉన్న రెగ్యులేటర్ అయితే బూస్ట్ ఎంత పెరిగితే రైల్ ఒత్తిడిని అంత పెంచి తేడాను నిలబెడుతుంది. రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉండి, వెనక్కి వెళ్లే లైను లేని రిటర్న్‌లెస్ కార్లలో ఈ సదుపాయం ఉండదు. 3 బార్ల రైల్‌కు ఎదురుగా 1 బార్ బూస్ట్ నిలబడితే మిగిలే తేడా 2 బార్లే. ప్రవాహం 18 శాతం తగ్గుతుంది. సరిగ్గా ఎక్కువ పెట్రోలు కావాల్సిన సమయంలో తక్కువ పడుతుంది. కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన కార్లలో ఈసీయూ దీన్ని ముందే లెక్కలోకి తీసుకుంటుంది. బయట బిగించిన కిట్టుల్లో ఆ పని ట్యూనర్ చేయాలి, లేదా రిటర్న్ లైను వేసి రెగ్యులేటర్‌ను రైల్ దగ్గరికి తేవాలి.

మార్చడం ఎప్పుడు సబబు

కొన్ని సందర్భాల్లో కొత్త రైల్ నిజంగా అవసరమవుతుంది. వాటిలో ఎక్కువ బిగింపుకు సంబంధించినవి. కంపెనీ రైల్ ప్లాస్టిక్ క్లిప్పులతో, ఒకే కొలత ఇంజెక్టర్‌కు సరిపోయేలా ఉంటుంది. పెద్ద ఇంజెక్టర్ల ఎత్తు, లీకు ఆపే రబ్బరు ఓ-రింగ్ కొలత వేరైతే పాత రైల్‌లో కూర్చోవు. రిటర్న్ లైనుకు దారి, ఒత్తిడి సెన్సార్‌కు రంధ్రం, రేసింగ్ కార్లలో వాడే ఏఎన్ ఫిట్టింగులు కావాలన్నా కొత్తది తప్పదు.

పవర్ కోసం మార్పులు ఏ వరుసలో చేయాలన్నదానికి పై లెక్కే దారి చూపిస్తుంది. 200 హార్స్‌పవర్‌కు గంటకు 67 లీటర్లు అనుకున్నాం. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి నిమిషానికి 280 సీసీ. ఇంజెక్టర్‌ను పూర్తిగా తెరిచి ఉంచకుండా 80 శాతం దగ్గర ఆపాలంటే 350 సీసీ ఇంజెక్టర్ కావాలి. ఆ తర్వాత పంపు అదే ఒత్తిడి దగ్గర 67 లీటర్ల కంటే తగినంత ఎక్కువ ఇవ్వగలదా, లైను, ఫిల్టర్ దాన్ని మోయగలవా అన్నది చూడాలి. ఈసీయూలో కొత్త ఇంజెక్టర్ కొలతలు ఎక్కించాలి. ఇవన్నీ అయ్యాక కూడా ఫుల్ లోడ్‌లో గేజ్ ఒత్తిడి పడిపోవడం చూపిస్తే, అప్పుడు రైల్ వైపు చూడాలి. ఇథనాల్ 85 శాతం దాకా ఉండే ఈ85 మీద అమెరికాలో నడిపే టర్బో కార్లలో ఈ అవసరం ముందుగానే వస్తుంది. పెట్రోలుతో పోలిస్తే ఆ ఇంధనం 30 నుంచి 40 శాతం ఎక్కువ పరిమాణంలో పడాలి. అక్కడున్న మన తెలుగు కుర్రాళ్లు వీడియోల్లో చూపించే సెటప్‌లు హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లే 90 హార్స్‌పవర్ హ్యాచ్‌బ్యాక్‌కు వర్తించకపోవడానికి ఇదే కారణం. ఆ కారు ఫుల్ థ్రాటిల్‌లో తాగేది గంటకు 30 లీటర్ల లోపే.

ఈ20 వాడుతున్నవాళ్లకు

ఈ20 విషయంలో ఆందోళనకు ఆధారం ఉంది, కానీ రైల్ దానికి జవాబు కాదు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజూల్స్ శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మెగాజూల్సే ఉంటుంది. ఐదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం మీద 7 శాతం దాకా శక్తి తగ్గుతుంది. ఈ10కు తగ్గట్టు సర్దిన పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. ఇది ఇంధనంలోనే ఉన్న తేడా. ఏ గొట్టం మార్చినా తిరిగిరాదు.

గాలికి సరిపడా ఇంధనం పడాలంటే ఇథనాల్ కలవని పెట్రోలుతో పోలిస్తే ఈ20 బరువులో 8 నుంచి 9 శాతం ఎక్కువ కావాలి. ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్‌ను చూసుకుని ఇంజెక్టర్‌ను అంత ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. మామూలు కారులో ఇంజెక్టర్లకు ఆ మార్జిన్ ఉంటుంది. రైల్ దగ్గర పట్టించుకోవాల్సింది ఓ-రింగుల గురించే. ఈ20కి తగిన పదార్థాలతో రాని పాత బండ్లలో రబ్బరు ఉబ్బడం, గట్టిపడి పగలడం జరగవచ్చు. సర్వీసులో ఇంజెక్టర్లు బయటికి తీసినప్పుడల్లా వైటాన్ లాంటి ఇథనాల్ తట్టుకునే రకం ఓ-రింగులు కొత్తవి వేయించడం చవకైన, అర్థవంతమైన జాగ్రత్త.

డీజిల్ రైల్: పేరు ఒకటే, ఒత్తిడి వేరు

1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో, ఇంజెక్టర్లన్నిటికీ ఒకే రైల్ నుంచి ఇంధనం ఇచ్చే కామన్ రైల్ డీజిల్ ప్రయాణికుల కార్లలోకి వచ్చింది. అప్పటి ఒత్తిడి 1,350 బార్. ఇప్పటి ఇంజిన్లలో 2,000 బార్ దాటింది. పెట్రోలు ఎంపీఎఫ్ఐ రైల్‌తో పోలిస్తే వందల రెట్లు. మన రోడ్ల మీద స్విఫ్ట్ డీడీఐఎస్, ఇండికా విస్టా, ఫియట్ పుంటోలను నడిపిన 1.3 లీటర్ మల్టీజెట్ కుటుంబం ఇంజిన్లన్నీ ఈ పద్ధతివే.

ఇక్కడ రైల్ మార్చే పద్ధతి లేదు. బదులుగా ట్యూనింగ్ బాక్స్ అమ్ముతారు. వీటిలో ఎక్కువ రకాలు రైల్ ప్రెషర్ సెన్సార్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని, ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా ఉందని అబద్ధం చెబుతాయి. ఈసీయూ దాన్ని నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం అంతే ఉన్నా డీజిల్ ఎక్కువ పడుతుంది, పికప్ వెంటనే తెలుస్తుంది. ఆ తేడా నిజమే. దానికి మూల్యం హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు, టర్బో చెల్లిస్తాయి. ఒత్తిడి నిజంగా ఎంతుందో చెప్పాల్సిన సెన్సార్ మాటే మారిపోయింది కాబట్టి, ఈసీయూకు ఉండే రక్షణ ఏర్పాట్లు కూడా ఆ మేరకు గుడ్డివవుతాయి.

అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. పాత అంబాసిడర్ డీజిల్, ట్రాక్టర్ ఇంజిన్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లకు ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు లూజు చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో కనిపెట్టే అలవాటు ఉంటుంది. సీఆర్‌డీఐ (కామన్ రైల్ డీజిల్) ఇంజిన్ మీద ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో చిమ్మే సన్నటి డీజిల్ ధార గ్లవుజును, చర్మాన్ని కోసుకుని లోపలికి వెళుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కణజాలం చచ్చిపోతుంది. అలాంటి దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే వేలో చేయో తీసేయాల్సి వస్తుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్లది మధ్య స్థితి. పోలో జీటీ టీఎస్ఐ, బాలెనో ఆర్ఎస్, ఐ20 ఎన్ లైన్ టర్బో లాంటివి ఈ రకం. క్యామ్ షాఫ్ట్ తిప్పే పంపు రైల్‌లో 200 నుంచి 350 బార్ల దాకా ఒత్తిడి నింపుతుంది. పరిమితి వచ్చేది ఆ పంపు దగ్గర, ఆ తర్వాత ఇంజెక్టర్ల దగ్గర. మామూలు రీమ్యాప్‌కు రెండూ సరిపోతాయి. ఇంకా పైకి వెళ్లాలనుకునే ట్యూనర్లు మానిఫోల్డ్‌లో అదనంగా తక్కువ ఒత్తిడి ఇంజెక్టర్లు, వాటికో రెండో రైల్ పెడతారు. రెండు రకాల ఇంజెక్టర్లనూ కలిపి వాడే పద్ధతిని టొయోటా 2005లోనే డీ-4ఎస్ పేరుతో ఫ్యాక్టరీ నుంచే తెచ్చింది.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చంటోంది. పాడైన రైల్‌కు బదులు అదే రకం కంపెనీ రైల్ వేయించడం మరమ్మతు కిందికి వస్తుంది. టర్బో కిట్టుతో పాటు వేసే రైల్ అలా కాదు. బీమా కంపెనీకి చెప్పకుండా ఇంధన వ్యవస్థ మార్చిన కారు కాలిపోతే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. వారంటీలో ఉన్న కారైతే ఆ హక్కు కూడా పోగొట్టుకోవచ్చు.

బిగించేటప్పుడు, బిగించాక

రైల్ మార్పులో అసలు ప్రమాదం లీకేజీ. లోడ్ మీద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ 500 డిగ్రీలు దాటుతుంది. పెట్రోలు ఆవిరి 300 డిగ్రీల లోపే తనంతట తాను అంటుకోగలదు. 3 బార్ల ఒత్తిడితో ఓ-రింగ్ పక్క నుంచి వచ్చే పెట్రోలు బొట్లుగా కారదు, మంచులా చిమ్ముతుంది.

ఓ-రింగ్‌కు కొంచెం ఇంజిన్ ఆయిల్ రాయకుండా పొడిగా నొక్కితే అంచు చిట్లుతుంది. రైల్ కింద పెట్టే స్పేసర్ ఎత్తు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఇంజెక్టర్ సరిగ్గా కూర్చోదు. రైల్ మరీ ఎత్తుగా ఉంటే పై ఓ-రింగ్ జారి పెట్రోలు కారుతుంది, మరీ కిందికి ఉంటే ఇంజెక్టర్ నలిగి ఒరుగుతుంది. బోల్టులు బిగించాక ఒక్కో ఇంజెక్టర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూస్తే తెలిసిపోతుంది. కొంచెం బిగువుగా తిరగాలి. అసలు కదలకపోయినా, కిందికీ పైకీ ఊగినా తప్పు ఉన్నట్టే.

పాత రైల్ విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటది ఆగే వరకు నడిపి ఒత్తిడి దించాలి, ఆపై బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. కొత్తది బిగించాక స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడు సార్లు ఆన్ చేసి పంపును మాత్రమే నడిపించి, టార్చిలైటుతో ప్రతి జాయింటూ చూడాలి. తర్వాత గేజ్ పెట్టి స్టార్ట్ చేయాలి. వ్యాక్యూమ్ పైపు ఉన్న రెగ్యులేటర్ అయితే ఐడిల్‌లో ఆ పైపు పీకగానే ఒత్తిడి అర బార్ దాకా పెరగాలి. పీకిన పైపు కొస పెట్రోలు వాసన వస్తే లోపలి పొర చిరిగిందని అర్థం, రెగ్యులేటర్ మార్చాలి. బండి బాగా వేడెక్కి, ఆపి, చల్లారిన తర్వాత ఇంకోసారి జాయింట్లన్నీ చూడాలి. లోహం వేడికి సాగి, తిరిగి ముడుచుకున్నాక బయటపడే లీకులు మొదటి పరీక్షలో కనిపించవు.